కుక్కకూ మనతో పాటే బదిలీ

బదిలీ వచ్చినప్పుడు పెద్దవాళ్లు నింపే ప్రయాణ భత్యం కాగితంలో కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు, బంధుత్వాలు రాయడానికి గడులుంటాయి. సామాను ఎంత బరువో రాయడానికి చోటుంటుంది. స్కూటరుకు, కారుకు కూడా చోటుంటుంది. కుక్కకు మాత్రం ఎక్కడా గడి లేదు. ప్రభుత్వాన్ని తప్పుపట్టాలని ఈ మాట అనడం లేదు. కాగితంలో లేని ప్రాణి, సామాన్లు కట్టే హడావిడిలో మన లెక్కలోంచి కూడా జారిపోతుందేమో అన్నదే నా బెంగ.

మిత్రులారా, డాలీగంజ్ చుట్టుపక్కల క్వార్టర్ల వైపు ఒక సాయంత్రం నడిచి చూడండి. లాబ్రడార్‌లు, జర్మన్ షెపర్డ్‌లు, వాటి క్రాసులు, మొహం కూడా కనపడనంత బొచ్చున్న పెద్ద కుక్కలు కనిపిస్తాయి. మనలో చాలామంది తల్లిదండ్రులు ఉత్తరాది నుంచో, కొండ ప్రాంతాల నుంచో బదిలీ మీద వచ్చినవారు. అక్కడ ముచ్చటపడి పెంచుకున్న కుక్క వాళ్లతో పాటు సముద్రం దాటి వచ్చింది. కొందరు ఇక్కడికి వచ్చాక, ఫోన్‌లో ఫొటో చూసి తెప్పించుకుంటున్నారు. ఈ రెండో రకం మంచిది కాదని, మొదటి రకం వాళ్లు వెళ్లేటప్పుడు కుక్కను ఇక్కడ వదిలిపోకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు చిన్న లెక్క. పెద్ద జాతి కుక్క మామూలుగా పది, పన్నెండేళ్లు బతుకుతుంది. మన ఇళ్లలో బదిలీ మూడేళ్లకోసారి, కొందరికి రెండేళ్లకే వస్తుంది. అంటే పిల్లగా తెచ్చుకున్న కుక్క మనతో కనీసం మూడు బదిలీలు చూస్తుంది. రెండో తరగతిలో "నాకు కుక్కపిల్ల కావాలి" అని అన్నం మానేసినవాడు పదకొండో తరగతికి వచ్చేసరికి ఆ కుక్కకు ముసలితనం వస్తుంది. బోర్డు పరీక్షలు, కోచింగు, స్నేహితులు అన్నీ ఆ సమయానికే వస్తాయి. కుక్కను తెచ్చుకునే రోజు ఈ లెక్క ఎవరూ వేయరు. దాని కళ్లు, దాని బొచ్చు, దాని తోక మాత్రమే చూస్తారు.

మా ఇంట్లో ఉన్నదీ అలాంటి కుక్కే కాబట్టి తెలిసి రాస్తున్నాను. పేరు శేరూ. ఉత్తరాఖండ్‌లో మేమున్నప్పుడు దొరికింది. తల్లి భోటియా గొర్రెల కుక్క, తండ్రి జర్మన్ షెపర్డ్. భోటియా కుక్కలు కొండల్లో మందలకు కాపలా కాసేవి. చిరుతపులి మెడ పట్టకుండా వాటికి ముళ్లున్న ఇనుప పట్టీ కడతారు. శేరూ బరువు 34 కిలోలు. వేసవి సెలవుల్లో మా అమ్మమ్మ చూసి, "ఇది శేరేంటిరా, మూడు మణుగులుంటే!" అంది. అప్పటి నుంచి మా బంధువులందరికీ అది మూడు మణుగుల కుక్కే. ఉత్తరాఖండ్ తర్వాత హైదరాబాద్‌లో మూడేళ్లు, ఇక్కడ మూడేళ్లు. దానికిప్పుడు తొమ్మిదేళ్లు.

ఇలా రెండు జాతులు కలిసి పుట్టినవాటిని మనం క్రాసు కుక్కలంటాం. వీటి గురించి ఒక అపోహ ఉంది. రెండు జాతుల మంచి గుణాలూ కలిసి వస్తాయని అమ్మేవాళ్లు చెబుతారు. ఆస్ట్రేలియాలో జరిగిన ఒక సంగతి వింటే ఆ మాట ఎంతవరకు నిజమో తెలుస్తుంది. 1980ల చివర్లో వాలీ కాన్రన్ అనే ఆయన అక్కడ అంధులకు దారి చూపే కుక్కల సంస్థలో పనిచేసేవారు. హవాయిలో ఉండే ఒక అంధురాలికి కుక్క కావాలి, కానీ ఆమె భర్తకు కుక్క బొచ్చు పడదు. అందుకని కాన్రన్ లాబ్రడార్‌నూ, బొచ్చు పెద్దగా రాలని పూడుల్‌నూ కలిపి మూడు పిల్లల్ని పుట్టించారు. ఆ మూడింటిలో ఆయనకు పడింది ఒక్కటే. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఈత, అయినా మూడూ మూడు రకాలు. ఆ పిల్లల్ని క్రాసు కుక్కలని ఎవరూ తీసుకోకపోతే ఆయన "లాబ్రడూడుల్" అని కొత్త పేరు పెట్టారు. పేరు వినగానే జనం ఎగబడ్డారు. తర్వాత ప్రపంచమంతా డబ్బు కోసం ఇష్టం వచ్చినట్టు క్రాసులు పుట్టించడం చూసి, తాను ఆ పని మొదలుపెట్టినందుకు 2019లో ఆయనే బహిరంగంగా బాధపడ్డారు.

దీన్నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. క్రాసు కుక్క చెడ్డదని కాదు. అది పెరిగాక ఎంత పెద్దదవుతుందో, బొచ్చు ఎలా వస్తుందో, స్వభావం ఎలా ఉంటుందో పిల్లగా ఉన్నప్పుడు ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కాబట్టి తెచ్చుకునేవాళ్లు తల్లినీ తండ్రినీ చూసి, రెండింటిలో పెద్దదాని సైజుకు సిద్ధపడి తెచ్చుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు చెబుతున్నాయి. తల్లిని చూపించనివాడి దగ్గర, నెల పిల్లను చేతిలో పెట్టేవాడి దగ్గర కొనకపోవడమే మనం చేయగల మొదటి మంచి పని.

ఇక మన దీవి సంగతి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన మన పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. విశాఖపట్నంలో పడేదానికి దాదాపు మూడింతలు. మే నెలలో మొదలైతే నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ కలిసి డిసెంబరు దాకా తడుపుతూనే ఉంటాయి. ఎండ 30 డిగ్రీలు దాటేది కొంచెమే, కానీ గాలిలో తేమ 80 శాతం దగ్గర ఉంటుంది. మనకు ఉక్కపోస్తే చెమట పడుతుంది, ఫ్యాను కింద కూర్చుంటే ఆరుతుంది. కుక్కకు చెమట గ్రంథులు పాదాల అడుగునే ఉంటాయి. అది నాలుక చాపి ఒగర్చి, నోటి తడిని ఆవిరి చేసుకుని ఒంటిని చల్లబరచుకుంటుంది. గాలే తడిగా ఉంటే ఆ ఆవిరి వెళ్లదు. అందుకే 42 డిగ్రీల పొడి ఎండలో నీడన పడుకుని నెట్టుకొచ్చే కుక్క, ఇక్కడ 31 డిగ్రీలకే అల్లాడిపోతుంది. పైగా కొండల్లో మంచుకు తట్టుకోవడానికి పెరిగిన బొచ్చు ఒంటి నిండా ఉంటుంది.

"అయితే బొచ్చంతా గొరిగించేస్తే సరి" అని చాలామంది అంటారు. ఇది ఆలోచించి చేయవలసిన పని. చలిదేశపు కుక్కల్లో చాలావాటికి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన పొడుగు వెంట్రుకలు, లోపల దూదిలాంటి నూగుబొచ్చు. పైపొర ఎండను, వాన నీటిని కొంతవరకు ఆపుతుంది. చర్మం దాకా గొరిగితే ఆ రక్షణ పోతుంది, చర్మం ఎండకు కాలుతుంది, కొన్నింటికి బొచ్చు మళ్లీ సరిగా రాదు. అవసరమైనది గొరగడం కాదు, లోపలి నూగును రోజూ దువ్వి తీసేయడం. నూగు పోతే గాలి చర్మానికి తగులుతుంది. పూడుల్ క్రాసుల సంగతి వేరు. వాటిలో చాలావాటి బొచ్చు పెద్దగా రాలదు, పెరుగుతూనే ఉంటుంది, దువ్వకపోతే జడలు కడుతుంది. వాటికి ఆరు, ఎనిమిది వారాలకోసారి కత్తిరింపు తప్పదు. మీ కుక్కది ఏ రకం బొచ్చో పశువుల డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నాకే కత్తెర పట్టాలి.

దువ్వడం అంటే పైపైన బ్రష్ తిప్పడం కాదు. ఒక చేత్తో బొచ్చు పాయలు తీసి పట్టుకుని, రెండో చేత్తో మొదలు నుంచి చివరికి పళ్లు వెడల్పుగా ఉన్న దువ్వెనతో దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య, తోక కింద ముందు జడలు కట్టేది. అక్కడ తడి చేరితే ఆరదు. మా శేరూకి ఇక్కడ మొదటి వానాకాలంలోనే చెవి వెనక రూపాయి బిళ్లంత పుండు పడింది. డాక్టరు గారు అక్కడి బొచ్చు మాత్రం కత్తిరించి, మందు రాసి, "దీన్ని పొడిగా ఉంచితే సగం జబ్బులు రావు" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో పాత తువ్వాళ్లన్నీ శేరూవే. వానలో తడిస్తే తుడిచి, ఫ్యాను ముందు కూర్చోబెట్టి, వేళ్లతో విడదీస్తూ ఆరబెడతాం. రోజుకు ఇరవై నిమిషాలు పడుతుంది.

స్నానం చేయిస్తే సరిపోదా అంటే, ఈ ఊళ్లో నీళ్ల సంగతి మీకు తెలుసు. ధనీఖరీ డ్యాము నీరే మనకు ప్రధాన ఆధారం. మార్చి వచ్చేసరికి మట్టం తగ్గి, నీళ్లు రోజు తప్పించి రోజో, ఇంకా అరుదుగానో వస్తాయి. ఇంత బొచ్చున్న కుక్కకు సబ్బు పూర్తిగా వదలాలంటే నాలుగైదు బకెట్లు కావాలి. నెలకోసారి చాలు. మాటిమాటికీ స్నానం చేయిస్తే చర్మం మీది సహజమైన జిడ్డు కూడా పోతుంది. రోజూ దువ్వే కుక్కకు స్నానాలు తక్కువే పడతాయి.

బయట తిప్పే వేళలు కూడా మన గడియారం చూసి పెట్టకూడదు. ఇక్కడ తెల్లవారుజామున ఐదింటికే వెలుతురు వస్తుంది, సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. కాబట్టి ఉదయం ఐదింటికి ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి తిప్పాలి. మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చాక తిప్పుదామంటే తారురోడ్డు దాని కాళ్లు కాలుస్తుంది. మీ అరచేతిని రోడ్డు మీద ఐదు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు. విపరీతంగా ఒగరుస్తూ, చొంగ చిక్కగా కారుతూ, చిగుళ్లు ఎర్రబడి, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. నీడకు తీసుకెళ్లి, ఒళ్లంతా మామూలు చల్లని నీళ్లతో తడిపి, ఫ్యాను వేసి, వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. సముద్రం చూడగానే దూకాలనుకునే కుక్కలుంటాయి. మడ అడవుల దగ్గర, క్రీకుల్లో మొసళ్లుంటాయి కాబట్టి అటువైపు గొలుసు వదలనే కూడదు. ఉప్పునీటిలో ఆడితే ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగాలి.

డాలీగంజ్‌లో ఉన్నవాళ్లం మరిచిపోకూడని సంగతి ఇంకోటి ఉంది. భారత వైద్య పరిశోధన మండలివారి ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం మన డాలీగంజ్‌లోనే ఉంది. 1983లో మొదలైంది. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లో ఏటా వానలు తగ్గే కాలంలో ఒక జ్వరం వచ్చేది. ఒళ్లునొప్పులు, దగ్గు, దగ్గితే రక్తం. కొందరు చనిపోయారు. కారణం తెలియక దాన్ని "అండమాన్ రక్తస్రావ జ్వరం" అన్నారు. అది లెప్టోస్పైరోసిస్ అని ఈ కేంద్రం శాస్త్రవేత్తలు 1990లలో తేల్చారు. ఎలుకలు, పశువులు, పందులు, కుక్కలు వీటి మూత్రంలో ఆ క్రిమి ఉంటుంది. వాన నీటిలో, బురదలో కలిసి, మన కాళ్ల మీది చిన్న గాయాల ద్వారా లోపలికి వెళుతుంది. కుక్కకూ వస్తుంది, కుక్క నుంచి మనకూ రావచ్చు.

అందుకని కుక్క ఉన్న ఇంట్లో కొన్ని పద్ధతులు తప్పవు. లెప్టో ఉన్న టీకా ఏటా వేయించాలి. టీకా అన్ని రకాల లెప్టోనూ ఆపదు కాబట్టి గుంటల్లో నీళ్లు తాగనివ్వకూడదు. దాని గిన్నెలో మెతుకులు రాత్రంతా ఉంచితే ఎలుకలు వస్తాయి, తిన్న వెంటనే కడగాలి. అది మూత్రం పోసిన చోట చెప్పుల్లేకుండా నడవకూడదు. బొచ్చులో పిడుదులు దాక్కుంటాయి, వాటి వల్ల రక్తహీనత తెచ్చే జ్వరాలు వస్తాయి. దువ్వేటప్పుడే చెవుల్లో, వేళ్ల సందుల్లో వెతకాలి.

రేబిస్ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. మన దేశంలో రేబిస్ లేని ప్రాంతాలుగా అండమాన్ నికోబార్ దీవులను, లక్షద్వీప్‌ను ప్రజారోగ్య పుస్తకాలు చెబుతూ వచ్చాయి. సముద్రమే మనకు గోడ. ఆ గోడ దాటి కుక్కల్ని తెచ్చేది ఎక్కువగా మనలాంటి బదిలీ కుటుంబాలే. టీకా లేని ఒక్క కుక్క చాలు, ఈ మంచి పేరు పోవడానికి. ప్రయాణానికి ముందే రేబిస్ టీకా వేయించి, ఆ పుస్తకాన్ని మన మార్కుల జాబితా ఎంత భద్రంగా దాస్తామో అంత భద్రంగా దాచాలి.

ఇవన్నీ ఎవరు చేయాలి? ఇక్కడ నేను మన పిల్లల పక్షాన మాట్లాడలేను. చాలా ఇళ్లలో కుక్కను అడిగింది పిల్లలు, చూసేది అమ్మ. అన్నం కలపడం, తుడవడం, ఇల్లంతా రాలిన బొచ్చు ఊడవడం, పక్కింటివాళ్ల ఫిర్యాదులు వినడం అన్నీ అమ్మకే. ఇది న్యాయం కాదు. మా ఇంట్లో పని పంచుకున్నాం. పొద్దున తిప్పడం నాన్నగారిది, దువ్వడం నాది, బయట నుంచి వచ్చాక కాళ్లు తుడవడం, గిన్నె కడగడం తమ్ముడిది. ఉప్పు లేకుండా ఉడికించిన అన్నం, గుడ్డు, ముళ్లు తీసిన చేప, గుమ్మడికాయ అమ్మ వండుతుంది, పెట్టేది మేము. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష దానికి విషం. పండగ పూట ప్రేమగా పెట్టే పాయసంలోని కిస్‌మిస్‌ కూడా అంతే. ఇది తెలియక పెట్టే చుట్టాలకు ముందే చెప్పాలి. ఇరుగుపొరుగులో కుక్కంటే భయపడేవాళ్లుంటారు. 34 కిలోల కుక్క ఆడుకోవడానికే మీద పడినా చిన్నపిల్లలు కింద పడతారు. గొలుసు మన చేతిలో ఉండాలి, దాని మలం ఎత్తే సంచి మన జేబులో ఉండాలి.

గొలుసంటే రోజంతా కట్టేయడం కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కుక్కను గంటల తరబడి పొట్టి గొలుసుకు కట్టేయడం, కట్టేసిన కుక్కను తిప్పకపోవడం నేరాలే. ఆకలిదప్పులకు వదిలి జంతువును పారేయడం కూడా ఆ సెక్షన్‌లోనే నేరం. మొదటిసారి చేసిన నేరానికి ఆ చట్టం రాసిన జరిమానా రూ.10 నుంచి రూ.50. అప్పట్లో అది పెద్ద మొత్తమే కావచ్చు, ఇవాళ ఒక కొబ్బరిబోండం రాదు. అంటే చట్టం భయం చూపి ఎవరినీ ఆపలేం. మన మనసే ఆపాలి.

ఈ మాట ఎందుకంటే, బదిలీలు వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఖాళీ అయిన క్వార్టర్ల ముందు కొన్ని కుక్కలు తిరుగుతూ కనిపిస్తాయి. మెడకు పట్టీ ఉంటుంది, పట్టుకునే చేయి ఉండదు. వీధికుక్కకు వీధి తెలుసు. నీడ ఎక్కడో, అన్నం ఎవరు పెడతారో, ఎవరి గుంపు ఏ సందులో ఉంటుందో తెలుసు. ఇంట్లో పెరిగిన బొచ్చుకుక్కకు అవేవీ తెలియవు. నెల తిరిగేసరికి బొచ్చు జడలు కడుతుంది, పిడుదులు పడతాయి, వాన మొదలైతే పుండ్లు పడతాయి. ఎలాగో బతికినవి గుంపుల్లో చేరి తీరాలకు వెళతాయి. ఈ దీవుల తీరాల్లో సముద్ర తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుక తవ్వి ఆ గుడ్లు తినే జంతువుల్లో కుక్కలు ముఖ్యమైనవి. నిజానికి ఈ దీవుల ఆదివాసులకు పూర్వం కుక్కే తెలియదు. 1858లో బ్రిటిషువారు ఇక్కడ ఖైదీల వలస పెట్టాక, బయటివాళ్లతో కుక్కలు వచ్చాయి. తర్వాత ఆదివాసులు పందుల వేటకు వాటిని మచ్చిక చేసుకున్నారు. అంటే ఈ గడ్డ మీద ప్రతి కుక్కనూ ఎప్పుడో ఒకప్పుడు మనుషులే తెచ్చారు. తెచ్చినవాళ్లదే బాధ్యత.

"బదిలీ ఉద్యోగులు అసలు కుక్కను పెంచకూడదు" అని కొందరు పెద్దలంటారు. ఆ మాటలో న్యాయం ఉంది, కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. ప్రతి మూడేళ్లకూ బడి, భాష, స్నేహితులు అన్నీ మారిపోయే మన జీవితంలో మారకుండా వెంట ఉండేది ఏముంది? హైదరాబాద్ వెళ్లిన మొదటి నెలలో నాతో మాట్లాడడానికి క్లాసులో ఎవరూ లేరు. స్కూలు నుంచి రాగానే గుమ్మంలో శేరూ ఉండేది. అలాంటి తోడు మనకు కావాలి. మనకు అంత ఇచ్చిన ప్రాణికి తిరిగి ఇవ్వవలసింది, దాన్ని కూడా మారని కుటుంబంలో ఉంచడమే. మహాభారతం చివర ధర్మరాజు కథ మన తాతమ్మలు చెప్పేవారు. హస్తినాపురం నుంచి వెంట వచ్చిన కుక్కను వదిలి రమ్మంటే, ఆయన ఇంద్రుడి రథమే ఎక్కనన్నాడు. మనం విమానం ఎక్కే ముందు ఆ కథ ఒకసారి గుర్తు తెచ్చుకుంటే చాలు.

తీసుకెళ్లడం కష్టమే, అసాధ్యం కాదు. ఇక్కడి నుంచి చెన్నై, విశాఖ 1,200 కిలోమీటర్లకు పైనే. దారి రెండే, విమానం లేదా ఓడ. పెద్ద కుక్కలు విమానంలో సరకులు పెట్టే భాగంలో, బోనులో ప్రయాణిస్తాయి. బోనులో అది నిలబడాలి, చుట్టూ తిరగగలగాలి. అన్ని విమానాలూ కుక్కల్ని ఎక్కించుకోవు, మంచి ఎండల్లో ఎక్కించుకునేవీ ఒప్పుకోకపోవచ్చు. ఓడవాళ్లనూ ముందే అడగాలి. డాక్టరు గారి ఆరోగ్య పత్రం, టీకా పుస్తకం కావాలి. నిద్రమందు సొంతంగా ఇవ్వకూడదు, ఎత్తులో ఊపిరికి ప్రమాదం. ఒడ్డు చేరాక రైల్లో మొదటి తరగతి ఏసీ కూపే మొత్తం తీసుకుంటే కుక్కను వెంట ఉంచుకోవచ్చు, లేదా గార్డు బోగీలోని కుక్కల పెట్టెలో పంపవచ్చు. ఖర్చవుతుంది. అందుకే మా నాన్నగారు శేరూ వచ్చిన ఏడాది నుంచే దాని ప్రయాణానికి నెలనెలా కొంత విడిగా దాస్తున్నారు. కొత్త సోఫా మాకింకా రాలేదు. వచ్చే ఏప్రిల్‌లో మాకు బదిలీ ఉంది. బోను కొలతలు ఇప్పటికే తీసుకున్నాం. రోజూ అరగంట తలుపు తీసి ఉంచిన బోనులో దానికి అన్నం పెడుతున్నాం, అప్పటికి భయం పోవాలని.

అన్ని ఇళ్లకూ ఇది కుదరదని నాకు తెలుసు. కుక్క మరీ ముసలిదై ఉండవచ్చు, గుండెజబ్బు ఉండవచ్చు, వెళ్లే చోట చోటు లేకపోవచ్చు. అప్పుడు మంచి ఇంటికి ఇవ్వడం తప్పు కాదు. ఇవ్వడం వేరు, వదలడం వేరు. ఇవ్వాలంటే రెండు మూడు నెలల ముందే ఇల్లు చూడాలి. కుక్క ఆ ఇంటికి వెళ్లి వస్తూ అలవాటుపడాలి. టీకా పుస్తకం, దువ్వెన, గిన్నె, దాని పాత దుప్పటి వెంట ఇవ్వాలి. ఏది తింటుందో, దేనికి భయపడుతుందో కాగితం మీద రాసివ్వాలి. వెళ్లాక ఫోన్ చేసి అడగాలి. చివరి వారంలో "ఎవరైనా తీసుకుంటారా" అని గ్రూపులో ఫొటో పెట్టడం ఇవ్వడం కిందికి రాదు.

కొత్తగా కుక్క కావాలనుకునేవారికి ఒక మాట. ఈ దీవిలో పుట్టిన పొట్టి బొచ్చు కుక్కపిల్లలు ఏ వీధిలో చూసినా ఉన్నాయి. ఈ ఉక్క, ఈ వాన వాటికి పుట్టుకతో అలవాటు. తెలివిలో, విశ్వాసంలో ఏ విదేశీ జాతికీ తీసిపోవు. టీకాలు వేయించి ఒకదాన్ని తెచ్చుకోండి. పెద్ద బొచ్చుకుక్కే కావాలని మనసు పడితే, కొండల నుంచి కొత్తది తెప్పించకుండా, బదిలీ మీద వెళుతూ తీసుకెళ్లలేకపోతున్న కుటుంబం దగ్గరున్న కుక్కను అడగండి. అది ఇప్పటికే ఈ వాతావరణానికి అలవాటుపడి ఉంటుంది.

మన బడి ఇందులో ఒక సాయం చేయగలదు. ఏటా డిసెంబరులో ఇకో క్లబ్ దగ్గర ఒక నోటుపుస్తకం పెడదాం. బదిలీ రాబోతున్న ఇళ్లలో ఏ పెంపుడు జంతువు ఉంది, దాని వయసెంత, వెంట వెళుతోందా, ఇల్లు కావాలా అన్నవి అందులో రాద్దాం. కుక్క కావాలనుకునేవాళ్లు రెండో పేజీలో తమ పేరు, రోజుకు ఎంతసేపు కేటాయించగలరో రాస్తారు. మూడో పేజీలో ప్రయాణం చేయించినవాళ్లు ఏం చేశారో, ఎంత ముందుగా ఏర్పాట్లు చేసుకున్నారో రాస్తారు, తర్వాతివారికి పనికొస్తుంది. మార్చి వచ్చేలోపు రెండు పేజీలూ కలిపి చూస్తే, కనీసం కొన్ని కుక్కలకైనా ఇల్లు దొరుకుతుంది. మా క్లాసు టీచరుగారితో మాట్లాడాను. పుస్తకం కొనిపెడతామన్నారు. మొదటి వరుసలో శేరూ పేరు రాసి, ఎదురుగా "వెంట వస్తోంది" అని నేను రాస్తాను. మిగతా వరుసలు మీవి.